క్లచ్ ఆయిల్ ఎవరు మార్చాలి?

(క్షేత్రస్థాయి మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్న సాయంత్రం ఈ వాకిట్లో మోటారు సైకిల్‌కి స్టాండు వేసి, దాని క్లచ్‌లోని పాత ద్రవాన్ని తీసి కొత్తది నింపాం. గంట కూడా పట్టలేదు. రాత్రి భోజనాల దగ్గర ఒకామె అడిగింది: "అక్కా, హక్కుల గురించి మాట్లాడుకుందామని వచ్చాం కదా, మధ్యలో ఈ మెకానిక్ పని ఎందుకు?" ఆ ప్రశ్నకి నాకు తోచిన జవాబు చెప్తాను.

ఆ బండి నా స్నేహితురాలిది. నాలుగేళ్ళ కిందట మేమిద్దరం ఇంటర్వ్యూల కోసం దానిమీద ఒక ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం. సగం దూరంలో క్లచ్ లీవరు మెత్తబడిపోయింది. పూర్తిగా నొక్కినా గేరు మారదు, న్యూట్రల్ దొరకదు, నొక్కి పట్టుకున్నా బండి ముందుకే గుంజుతోంది. మాకోసం కూలి మానుకుని కూర్చున్న ఆడవాళ్ళ దగ్గరికి ఆరోజు చేరలేకపోయాం. వాళ్ళ కూలి పోయింది. మెకానిక్ మొదట అడిగింది "బండి సారుదా?" అని. తర్వాత క్లచ్ ప్లేట్లు పోయాయన్నాడు, వేలల్లో బిల్లు చెప్పాడు. ఇద్దరికీ డాక్టరేట్లున్నాయి. ఎదురు ప్రశ్న ఒక్కటీ వెయ్యలేక డబ్బు కట్టి వచ్చేశాం. రెండు నెలలకి మళ్ళీ అదే జబ్బు.

అప్పుడు కూర్చుని నేర్చుకున్నాం. మామూలు బళ్ళలో లీవరు నొక్కితే క్లచ్ వైరు లాగుతుంది. కొన్ని పెద్ద బళ్ళలో వైరు బదులు ద్రవం ఉంటుంది. హ్యాండిల్ దగ్గరి సిలిండరులో చిన్న పిస్టన్ ద్రవాన్ని నెడితే, గొట్టంలోంచి ఆ ఒత్తిడి ఇంజను దగ్గరి రెండో సిలిండరుకి చేరి క్లచ్‌ని విడదీస్తుంది. మొదటిదాన్ని 'మాస్టర్' అనీ, రెండోదాన్ని 'స్లేవ్' అనీ పిలుస్తూ వచ్చారు. యజమాని, బానిస! పేర్లు పెట్టినవాళ్ళ లోకం ఎలాంటిదో చెప్పనక్కర్లేదు.

ద్రవాన్ని నొక్కితే కుంచించుకుపోదు, గాలి కుంచించుకుపోతుంది. ఈ పని జరగడమూ ఆగిపోవడమూ అక్కడే ఉంది. మెకానిక్కులు ఆయిల్ అనే ఈ డాట్ 4 ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణాల ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు చేరినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. పాతబడిన ద్రవం వేడికి బుడగలు కట్టిందంటే మన చేతి బలం ఆ బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ప్లేట్లు అరిగితే క్లచ్ జారుతుంది: ఇంజను అరుస్తుంది, బండి లాగదు. ద్రవంలో గాలి చేరితే క్లచ్ విడదు: గేర్లు పడవు. రెండూ ఎదురెదురు లక్షణాలు. ఈ ఒక్క ముక్క తెలిసుంటే ఆరోజు "ప్లేట్లే అని ఎలా చెప్తున్నారు?" అని అడిగి ఉండేవాళ్ళం.

నిన్న చేసిన పని వరస మరొక్కసారి. ముందు బండి పుస్తకం చూడాలి. కొన్ని బళ్ళ క్లచ్‌లో మినరల్ ఆయిల్ వాడతారు, అందులో డాట్ 4 పోస్తే రబ్బరు సీళ్ళు పాడవుతాయి. ఈ ద్రవం రంగుని తినేస్తుంది కనుక ట్యాంకు మీద గుడ్డ కప్పాలి. చేతికి తొడుగులు, కళ్ళకి అద్దాలు. హ్యాండిల్ తిప్పి డబ్బా సమంగా నిలబెట్టి, మూత చుట్టూ దుమ్ము తుడిచాకే విప్పాలి. కింది సిలిండరు నిపిల్‌కి పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసని కాస్త కొత్త ద్రవం ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు లీవరు నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు నిపిల్ కొద్దిగా విప్పి, ద్రవం కారగానే బిగించాలి. ఆ తర్వాతే లీవరు వదలాలి. ముందే వదిలితే గాలి లోపలికి పోతుంది. పైన డబ్బా ఖాళీ కానివ్వకుండా సీలు తీయని సీసాలోంచి పోస్తూ ఉండాలి. గొట్టంలో బుడగలు ఆగి, తేటగా వచ్చేదాకా ఇదే. గీత దాటి నింపకూడదు: ప్లేట్లు అరిగేకొద్దీ క్లచ్ డబ్బాలో మట్టం పెరుగుతుంది. తీసిన ద్రవాన్ని కాలవలో పారబోయకండి.

మీలో చాలామందివి క్లచ్ లీవరే లేని స్కూటర్లు, లేదా వైరుతో నడిచే చిన్న బళ్ళు. అయినా ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉంటే, అందులో పనిచేసేదీ ఇలాంటి ద్రవమే. బ్రేకు పని మాత్రం తెలిసినవాళ్ళ పక్కన నేర్చుకున్నాకే చెయ్యాలి. అక్కడ పొరపాటుకి ప్రాణం మూల్యం.

ఇక నన్నడిగిన ప్రశ్న. నైపుణ్యం అనే మాట తటస్థమైనది కాదు. లండన్ పత్రికల కంపోజిటర్ల మీద సింథియా కాక్‌బర్న్ 1983లో రాసిన 'బ్రదర్స్' పుస్తకం, మగ కార్మికులు తమ నైపుణ్యాన్ని ఆడవాళ్ళకి అందనీయకుండా ఎలా కాపాడుకున్నారో చూపించింది. మన దేశంలో 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్ బాందా జిల్లాలో మహిళా సమాఖ్య గ్రామీణ స్త్రీలకి చేతిపంపుల మరమ్మతు నేర్పింది. నీళ్ళు మోసే పని ఆడవాళ్ళది, పంపు బాగుచేసే పని మగవాళ్ళది అన్న విభజనని ఆ స్త్రీలు పానాలు పట్టుకుని ప్రశ్నించారు.

ఇవాళ బండి నడిపే స్త్రీని ఊరు ఒప్పుకుంటోంది. బండి ఆగినప్పుడు మాత్రం ఆమెని మళ్ళీ రోడ్డు పక్కన మగవాడి కోసం ఎదురుచూసే మనిషిని చేస్తోంది. ఎక్కడికైనా వెళ్ళే హక్కు తిరిగి రాగలిగే ధైర్యంతో కలిస్తేనే పూర్తవుతుంది.

అందరూ మెకానిక్కులు కావాలని నేననను. మనకున్న చాకిరీకి ఇంకొకటి చేర్చడం నా ఉద్దేశం కాదు. డబ్బు కట్టేటప్పుడు ఏం మార్చారో అడగండి, పాత భాగాలు చూపించమనండి, బిల్లు తీసుకోండి. ఇచ్చిన సేవకి బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే.

మధ్యాహ్నం మీ మీ బళ్ళ దగ్గరికి వెళ్ళి బ్రేకు డబ్బా గాజు కిటికీలోంచి ద్రవం రంగు చూడండి. నల్లబడి ఉంటే ఎన్నాళ్ళయిందో రాసుకురండి. అక్కణ్ణించి చర్చ మొదలుపెడదాం.