బడి అయిపోయిన తెల్లారి

(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా తమ్ముడు పదో తరగతి దాకా బడికి పోయిండు. బుద్ధి ఎదుగుదల తక్కువ ఉన్న పిల్లగాడు. పదేండ్లూ ఎనక బెంచీ మీదనే కూసున్నడు. హాజరు వేసిన్రు, అన్నం పెట్టిన్రు, పై తరగతికి తోసిన్రు. బడి అయిపోయిన తెల్లారే ఊరి ఆసామి ఒకాయన వచ్చి "ఊకెనే ఉంటడు గదా, బర్లకాడికి పంపుండ్రి, బువ్వ పెడ్త" అన్నడు. పంపినం. తప్పు మాదే. రెండేండ్లు పేడ తీసిండు, గడ్డి కోసిండు. జీతం అడిగితే "వానికి లెక్క తెల్వదు, పైసలెందుకు?" అన్నడు.

ఈ మాట మనకు కొత్తనా? మన తాతలకు చెప్పింది ఇదే గదా! వెట్టిచాకిరిని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. ఆ వెట్టి ఇట్లాంటి పిల్లల రూపంలో మళ్లీ మన వాడలోకే వస్తున్నది.

వానికి లెక్క రాదన్నది అబద్ధం. ఇరవై బర్లల్ల ఒకటి తప్పిపోతే ఏది తప్పిందో చెప్తడు. నోటుకూ నోటుకూ తేడా చూపినోళ్లే లేరు. ఎనిమిదో తరగతిలో గూడ అచ్చులే దిద్దించిన్రు. ఇంట్ల మేమే మొదలుపెట్టినం. కొత్త నోట్లలో వంద ఊదా, రెండువందలు పసుపు, ఐదువందలు బూడిద రంగు. పనికి పోయిన రోజు క్యాలెండర్ మీద గీత. ఇంతే. ఈ పని బడిలో పద్నాలుగో ఏటనే మొదలుకావాలి. బస్సెక్కడం, బేరం, కూలి అడగడం, ఇవన్నీ చదువే.

ఆడపిల్లయితే భయానికి ఇంట్లనే కూసోబెడతం. ఆ భయం ఉత్తది కాదు. అయినా ఎవరన్నా చెయ్యి వేస్తే అరవాలని, ఎవరికి చెప్పాలో నేర్పకుండా తలుపు వేస్తే ఆ తలుపు ఎన్నాళ్లు కాస్తది?

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి 18 ఏండ్ల దాకా ఉచిత చదువు. సర్కారు కొలువుల్లో 4 శాతం. సాగుభూమి, ఇండ్ల కేటాయింపులో 5 శాతం, అందులో ఆడవారికి ప్రాధాన్యం. భూమి కోసం ఎన్ని దరఖాస్తులు రాసినం! ఒక్కదాంట్లో ఈ 5 శాతం రాసినమా? నేనూ రాయలే. ముందుగాల వైకల్య సర్టిఫికెట్ తీయండి. మండలంలో భవిత కేంద్రం ఉంటే పోయి అడగండి, బడి అయినంక ఏం చేస్తడని హెడ్మాస్టరునూ అడగండి.

తమ్ముడు ఇప్పుడు వేరేకాడ మేకలు కాస్తడు. శనివారం కూలి. ఒక్క నోటు తక్కువైతే ఇంటికి రాడు, ఆడనే నిలబడ్తడు.