సాళ్ల పైరులు, నేల పదను



"ఖచ్చిత సేద్యము" అను మాట విన్నంతనే మనవారిలో ననేకులు లక్షల వెలగల యంత్రములను దలచి, అది తమకు గాదని విడిచిపెట్టుచున్నారు. ఈ భయము తీర్చుటకు దూరదేశముల కథలు మాకక్కఱలేదు. కర్నూలు జిల్లాలోని దేవనకొండ మండలము చాలును.

అచ్చట వేరుసెనగ వర్షాధారపు పైరు. తొలకరి పడినంతనే గొఱ్ఱు కట్టుట వాడుక. పిమ్మట వాన మొగము చాటువేసెనా, మొలక మాడును. వేరుసెనగకు విత్తనపు వ్యయమే పెద్దది గదా! విత్తు పోయినను అప్పు పోదు. మరల విత్తవలెనన్న మరల షావుకారు గడప యెక్కవలసినదే.

2016వ సంవత్సరమున పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ పరిశోధనాలయమువారును, మైక్రోసాఫ్టు కంపెనీవారును, రాష్ట్రప్రభుత్వముతో గలసి, ఆ మండలమున 175 మంది రైతుల ఫోనులకు దెలుగున సందేశములు పంపిరి. 30 సంవత్సరముల వాన లెక్కలకు నేల పదనును, రాబోవు వర్షపు టంచనాను జోడించి, మృగశిరలో తొందరపడక జూన్ చివరివారమువఱకు నాగుడని చెప్పిరి. ఆగినవారికి దిగుబడి సగటున నూటికి 30 వంతులు హెచ్చినదని ఆ సంస్థలు ప్రకటించినవి. రైతు పొలమున నొక్క యంత్రమైనను పాతలేదు! ఒక్క యేటి ఫలితమును వేదవాక్యముగా గైకొనుడని మేమనము. అయినను, మన పెద్దల కార్తెల లెక్క కాలమును జెప్పునే కాని, ఈ యేడు నేలలో పదనెంతయున్నదో చెప్పజాలదు.

ఇక మట్టిపరీక్ష. 2015లో నారంభమైన భూసార పత్రములలో 12 అంశములు గలవు. పెక్కిండ్లలో నవి చూరున జెక్కబడియున్నవి. పొలమున పది పదునైదు తావుల ఆఱంగుళముల లోతువఱకు మట్టి గీసి, కలిపి, అరకిలో మిగుల్చుకొనవలెను. గట్టు చెంతను, చెట్టు నీడను, పెంటకుప్ప వేసిన చోటను తీసిన మట్టి చెప్పునది అబద్ధమే.

పోషకులైన భూస్వాములకు మాదొక విన్నపము. మీ భూములను దున్నువారు కౌలుదారులు. ఏటికేడు కౌలు మాఱునేని, ఆతడు పరీక్ష చేయించి పెంటయెరువేల తోలించును? ఫలము మఱియొకని పాలగును గదా! కౌలు మూడేండ్లకైన వ్రాయుడు. వచ్చు వేసవిలో పొలములు ఖాళీగా నున్నపుడే మట్టి తీయింపుడు. మన విద్యార్థి వసతిగృహముల బాలురు సెలవులకు గ్రామములకు బోవుదురు. సంచులపై సర్వేనంబరులు వ్రాయుటయు, వచ్చిన సందేశములు చదివి వినిపించుటయు వారికి అప్పగింపవచ్చును.