సొరచేప ఆరే కొట్టం



ఐస్‌లాండ్ వెళ్లే ఫోటోగ్రాఫర్లలో చాలామంది స్నైఫెల్స్‌నెస్ ద్వీపకల్పంలోని కిర్క్యుఫెల్ దగ్గర ఆగుతారు. సముద్రం ఒడ్డున 463 మీటర్ల కొండ, ఎదురుగా చిన్న జలపాతం. అందరూ తీసేది దాదాపు ఒకే ఫోటో. నన్నడిగితే కెమెరాకు అసలు పని అదే ద్వీపకల్పంలోని బ్యార్నర్‌హోఫ్న్ అనే చోట ఉంది.

అక్కడ గాలి ధారాళంగా ఆడే చెక్క కొట్టంలో గ్రీన్‌లాండ్ సొరచేప మాంసం పెద్ద పెద్ద ముక్కలుగా వేలాడుతుంటుంది. దాన్ని హాకార్ల్ అంటారు. ఈ చేప పచ్చి మాంసం విషం. అందులో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ మోతాదు ఎక్కువ. అందుకే పూర్వం గులకనేలలో పాతి, పైన బండలు పేర్చి, వారాల తరబడి ఊట కారిపోనిచ్చేవారు. ఇప్పుడు పెట్టెల్లో మాగబెడుతున్నారు. ఆ తర్వాత నెలల పాటు గాలికి ఆరబెడతారు. పైన కట్టిన గోధుమరంగు పెచ్చు చెక్కేసి, లోపలి మాంసాన్ని చిన్న ముక్కలుగా కోస్తారు. ఇక వాసన అంటారా, ఘాటైన అమ్మోనియా! ఎండుచేపల సంతలో పెరిగినవాళ్లు కూడా ముక్కు మూసుకోవాల్సిందే. చలికాలపు థోరాబ్లోట్ విందులో దీన్ని ఇష్టంగా తింటారు.

ఫోటో తీసేవారికి ఒక మాట. కొట్టం లోపల చీకటి, చెక్కల సందుల్లోంచి వచ్చే వెలుగు మరీ తీక్షణం. కెమెరాను ఆ వెలుగుకే సరిచూసుకోండి, నీడల్ని అలాగే వదిలేయండి. డిసెంబరులో పగలు నాలుగైదు గంటలే కాబట్టి ముందు కొట్టానికి వెళ్లండి, కొండ సంగతి తర్వాత చూసుకోవచ్చు.