ఉల్లిగడ్డను ముట్టుకుంటే స్పేస్ బటన్ ఎట్ల పడుతుంది?

హుజూరాబాద్ నుంచి మాట్లాడుతున్నా. ముందు నా టేబుల్ మీద ఏమున్నాయో చూడండి. రెండు అరటిపండ్లు, ఒక ఉల్లిగడ్డ, స్టీలు గిలాస, నానబెట్టిన చింతపండు, పెన్సిల్‌తోని మందంగా గీత గీసిన ఒక కాగితం. పక్కకు లాప్‌టాప్. ఇప్పుడు ఉల్లిగడ్డను ముట్టుకుంటున్నా... చూసిన్రా, స్క్రీన్ మీద బొమ్మ ఎగిరింది. కెమెరా ట్రిక్ ఏం లేదు. కంప్యూటర్‌కు మాత్రం నేను స్పేస్ బటన్ నొక్కినట్టే తెలిసింది.

దీని వెనుక ఉన్న చిన్న బోర్డు పేరు మేకీ మేకీ. అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో చదువుకుంటున్న జే సిల్వర్, ఎరిక్ రోసెన్‌బామ్ అనే ఇద్దరు దీన్ని తయారుచేసిన్రు. 2012లో కిక్‌స్టార్టర్‌లో 25 వేల డాలర్లు కావాలని పెడితే, 11 వేల మందికి పైగా కలిసి 5 లక్షల 68 వేల డాలర్లు ఇచ్చిన్రు. అరటిపండ్లతో పియానో వాయించే వీడియో మీలో చాలామంది చూసే ఉంటరు. అది ఈ బోర్డుతోనే.

ఇక అసలు సంగతి. ఉల్లిగడ్డలో కరెంటు లేదు. ఉన్నదల్లా నీళ్లు, ఆ నీళ్లలో కరిగిన లవణాలు. అందుకే అది కరెంటును జర జర పోనిస్తది. మన ఒళ్లు కూడా అంతే. బోర్డు నుంచి ఒక వైరు ఉల్లిగడ్డకు, ఇంకో వైరు నా ఎడమ చేతికి. కుడిచేత్తో ఉల్లిగడ్డను ముట్టుకుంటే దారి పూర్తయితది. బోర్డు ఆ సంగతి పసిగట్టి కంప్యూటర్‌కు "స్పేస్" అని చెప్తది. యూఎస్‌బీలో అది మామూలు కీబోర్డు లెక్కనే కనపడుతుంది కాబట్టి వేరే సాఫ్ట్‌వేర్ ఏం అక్కర లేదు.

ఫోన్ స్క్రీన్ కూడా ఇంతేనా అంటే, కాదు. ఫోన్‌కు మీ చేతికి వైరు కట్టాల్సిన పని లేదు. వేలు దగ్గరకొస్తే స్క్రీన్ మీది విద్యుత్ క్షేత్రం మారుతది, దాన్ని లెక్కగడుతది. ఇక్కడ మాత్రం దారి మూసుకోవాలె. రెండో వైరు పట్టుకోకపోతే ఎన్ని ఉల్లిగడ్డలు పిసికినా ఏం కాదు.

మరి పాత కీబోర్డు విప్పి, దాని లోపలి బోర్డుకు వైర్లు పెడితే సరిపోదా? సగం సరిపోతది. రెండు అల్యూమినియం ఫాయిల్ ముక్కలు ఒకదానికొకటి తాకితే పనిచేస్తది. చెయ్యి, పండు మధ్యలో వస్తే పనిచెయ్యదు. చర్మం ఎండగ ఉంటే రెసిస్టెన్స్ లక్ష ఓమ్‌లు కూడా దాటుతది, మామూలు కీబోర్డు చిప్ దాన్ని బటన్ నొక్కినట్టు గుర్తుపట్టదు. మేకీ మేకీ తెలివి ఇక్కడే ఉంది. ప్రతి ఇన్‌పుట్‌కు 22 మెగా ఓమ్‌ల రెసిస్టర్ పెట్టిన్రు, అంటే 2 కోట్ల 20 లక్షల ఓమ్‌లు. దాని ముందర మన చర్మం రెసిస్టెన్స్ చిన్నబోతది. మన ఒళ్లు, పండు కలిపి 10 లక్షల ఓమ్‌లు అనుకున్నా, 5 వోల్టులలో ఆ పిన్ దగ్గర పావు వోల్టు కూడా మిగలదు. చిప్‌కు అది "నొక్కిన్రు" అన్నట్టే. మన ఒంట్లోంచి పోయే కరెంటు మైక్రో ఆంపియర్‌లో నాలుగో వంతు కన్నా తక్కువ. ఏమీ తెలియదు.

సొంతంగ చేసుకోవాలంటే ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న ఆర్డుయినో బోర్డు తీసుకోండి. ప్రో మైక్రో చాలు. పాత ఊనో వద్దు, అది నేరుగా కీబోర్డు కాలేదు. చిప్ లోపలి పుల్ అప్ ఆఫ్ చేసి, బయట పెద్ద రెసిస్టర్ పెట్టాలె. 22 మెగా దొరకకపోతే 10 మెగావి రెండు వరుసగ కలపండి. ఇంత పెద్ద రెసిస్టర్‌తో ఒక చిక్కుంది. గోడలో పోయే 50 హెర్ట్జ్ కరెంటు వాసన కూడా పట్టేస్తది, ఎవ్వరూ ముట్టకుండనే బటన్లు పడుతుంటాయి. ఒక్కసారి చదివి నమ్మొద్దు. 20 మిల్లీ సెకండ్ల పాటు చాలాసార్లు చదివి, ఎక్కువసార్లు ఏమొస్తే అది తీసుకోవాలె.

ఇప్పుడు జర గట్టిగ చెప్తున్నా, వినండి. ఆ రెండో వైరు పెట్టే చోట బోర్డు మీద "ఎర్త్" అని రాసి ఉంటది. మనకు ఎర్త్ అంటే ఏంది? గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, ఎండాకాలం నీళ్లు పోసే ఎర్తింగ్. లేకపోతే ప్లగ్గులో మూడో రంధ్రం. ఆ ఎర్త్ వేరు, ఈ ఎర్త్ వేరు! ఏ పిల్లగాడైనా ఈ వైరును గోడ ప్లగ్గులో పెడితే ప్రాణం మీదికొస్తది. బోర్డు కొనగానే ఆ పేరు మీద స్టిక్కర్ అంటించి "చెయ్యి" అని రాసుకోండి. అట్లనే లాప్‌టాప్ చార్జర్ తీసెయ్యండి, బ్యాటరీ మీదనే నడపండి. రెండు పిన్నుల చార్జర్‌తో లాప్‌టాప్ ముట్టుకుంటే జివ్వుమంటది కదా, ఆ లీకేజీ మన చేతిలోకి ఎందుకు?

ఏవి పనిచేస్తయి, ఏవి చెయ్యవు అని మా ఇంట్లో మొత్తం వెతికినం. తులసి ఆకు పనిచేస్తది. తడిసిన మట్టికుండ పనిచేస్తది, ఎండిన కుండ చెయ్యదు. జమ్మికుంట మార్కెట్‌కు పోయే పత్తి ఎండగ ఉంటే చెయ్యదు, ఉప్పునీళ్లల్ల ముంచితే చేస్తది. బతుకమ్మలో బంతిపూలు పచ్చిగ ఉన్నంతసేపు బాగానే ఉన్నాయి, గునుగు ఎండితే లాభం లేదు. లోహాలన్నిట్లో కరెంటు బాగా పోనిచ్చేది వెండి, అంటే మన కరీంనగర్ ఫిలిగ్రీ చేసే వెండి తీగ మస్తు కీబోర్డు అయితది. కాని ఎవరిస్తరు మనకు?

ఒక సరదా సంగతి. మేకీ మేకీ వెనుక ఉన్న ఆరు అక్షరాలు డబ్ల్యూ, ఏ, ఎస్, డీ, ఎఫ్, జీ. కంప్యూటర్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పెట్టుకుంటే ఆ ఆరూ వరుసగా ఐత్వం, ఓత్వం, ఏత్వం, పొల్లు, గుడి, కొమ్ము! మామూలు కీబోర్డు మీద "క" కొట్టి అరటిపండు ముట్టుకుంటే "కి", టమాట ముట్టుకుంటే "కు". గుణింతం నేర్పనీకి ఇంతకన్నా ఏం కావాలె.

నాకైతే ఈ బోర్డు ఆట కోసం కాదు. మా చిన్నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పోయింది, మాట స్పష్టంగ లేదు. ఎడమచెయ్యి కదులుతది గాని వణుకుతది. టచ్ స్క్రీన్ మీద ఒక దగ్గర పెడితే నాలుగు దగ్గర్ల పడుతది. చిన్నాయన కొడుకు దుబాయిలో ఉంటడు. వీడియో కాల్‌లో చిన్నమ్మే అంతా మాట్లాడుతది, చిన్నాయన చూస్తుంటడు. నర్సింగ్ చేసే మా చెల్లె అడిగింది, "అన్నా, పెద్ద బటన్ ఏదన్న ఒక్కటి ఉంటే?" అని.

ఆండ్రాయిడ్ ఫోన్లలో గూగుల్‌ది స్విచ్ యాక్సెస్ అని ఒకటి ఉంది. సెట్టింగ్స్‌లో ఆక్సెసిబిలిటీ కింద ఉంటది, లేకుంటే ప్లే స్టోర్‌లో దొరుకుతది. ఆటో స్కాన్ పెడితే స్క్రీన్ మీది బటన్ల మీద ఒక గీత తనంతట తనే తిరుగుతుంటది. కావల్సిన దగ్గర ఉన్నప్పుడు ఒక్క స్విచ్ కొడితే చాలు. ఆ ఒక్క స్విచ్‌కు ఓటీజీ కేబుల్‌తో ప్రో మైక్రో కలిపినం. చిన్నాయన చేతికి ఎప్పటినుంచో ఉన్న రాగి కడియానికి ఒక వైరు, మంచం పక్కన స్టీలు గిలాసకు ఇంకో వైరు. నొక్కే బలం అక్కర లేదు, తాకితే చాలు. వణుకుతో రెండుసార్లు తాకినా ఒక్కసారే లెక్కపెట్టేటట్టు కోడ్‌లో కొంచెం ఆలస్యం పెట్టిన.

మొదటిరోజు ఒక్క మాట పంపిండు. "తిన్నవా". చూడనీకి మూడు అక్షరాలే. త, గుడి, న, పొల్లు, న, వ, దీర్ఘం... ఏడు. ఒక్కొక్కదానికి గీత తిరిగి వచ్చేదాకా ఆగాలె. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో చిన్నమ్మ "నేను చెప్త గదా" అని ఫోన్ తీస్కోబోతే చెయ్యి అడ్డం పెట్టిండు. కొడుకు "ఎవరు కొట్టిన్రు ఇది?" అని తిరిగి ఫోన్ చేసిండు.

ఇంకా సరిచెయ్యాల్సినవి ఉన్నాయి. చలికాలం చర్మం ఎండితే కడియం కింద తడిగుడ్డ చుట్టాల్సి వస్తున్నది. ఓటీజీ పెట్టినంక చాలా ఫోన్లు చార్జ్ కావు, అందుకని పగలు నింపి సాయంత్రం పెడుతున్నం. కోడ్ మొత్తం వచ్చే ఎపిసోడ్‌లో లైను లైను చూద్దాం. అప్పటిదాకా రెసిస్టర్లు తెచ్చిపెట్టుకోండి.