తోబుట్టువైన ఉడుము



మన పొలముల గట్లమీద తిరుగు ఉడుమును మీరందఱు నెఱుగుదురు. ఆ జాతికే చెంది, పది అడుగుల నిడివి వఱకు నెదుగు ప్రాణి యొకటి ఇండొనీషియా దేశమందలి కొమోడో మొదలగు కొన్ని దీవులలో మాత్రమే కలదు. అది జింకను గూల్చి తినును. మనుష్యుని సైతము చంపగలదు. అయినను కొమోడోవారు దానిని ‘ఓరా’ యని పిలుచుచు తోబుట్టువుగా నెంచుదురు. ఈ వరుస ఎట్లు కలిగెనో వారి కథ వినుడు.

పూర్వము ఒక నాగరాజకుమారికి కవలలు పుట్టిరట. మగశిశువు గెరోంగ్ మానవరూపమునను, ఆడుశిశువు ఓరా ఉడుము రూపమునను ఉండిరి. ఒకరి నొక రెఱుగకయే వేర్వేఱుగా పెరిగిరి. ఒకనాడు గెరోంగ్ అడవిలో జింకను వేటాడగా, పెద్ద ఉడుమొకటి పొదలనుండి వచ్చి దానిని పట్టుకొనెను. అతడు బల్లెమెత్తెను. అంతలో తల్లి ప్రత్యక్షమై, అది నీ తోడబుట్టినదని చెప్పి వారించెను.

ఇది ప్రొద్దుపుచ్చుటకు చెప్పుకొను కథ కాదు. ఆ వరుసనుబట్టియే అచ్చటివారు ఓరాను చంపరు. వెనుక జింకను వేటాడినప్పుడు కొంత భాగమును దానికై విడిచివచ్చెడివారు. ముసలిదై వేటాడలేనిదానికి ఆహారము పెట్టెడివారని కూడ చెప్పుదురు.

1980లో ప్రభుత్వమువారు అచ్చట జాతీయవనమును నెలకొల్పి జింకల వేటను నిషేధించిరి. ఓరాకు జింకయే ముఖ్యాహారము గావున నిషేధము న్యాయమే. కాని వేటతోపాటు భాగము విడుచు ఆచారమును అంతరించెను. 2007లో ఒక బాలుడు ఓరా వాతబడి మరణింపగా, ఆ భాగము మానుటయే కారణమని కొందఱు గ్రామస్థులు వగచిరి. 2019లో ఆ దీవినుండి జనులనే తరలింపవలెనను ప్రతిపాదన వచ్చెను. చెల్లెలిని కాపాడుటకు అన్నను ఇల్లు వెడలగొట్టుట యెట్టి నీతి? ఆ యేటనే దానిని విరమించిరి.

చట్టము వలదని నా యభిప్రాయము కాదు. ఓరా జాతి అపాయస్థితిలో నున్నదని 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ప్రకటించెను. అయినను మన సంగతి చూడుడు. మన ఉడుమును చంపుట 1972 నాటి చట్టముచే నేరము. మాంసమునకై దానిని చాటుగా వేటాడువారు నేటికిని కలరు. వనరక్షకుడు ప్రతి పొదకడను కావలి యుండజాలడు. తోబుట్టువను తలపు వేటగాని వెంటనే యుండును. అట్టి తలపును పిల్లలకు నేర్పవలసినవారు ఊరి పెద్దలే.