జిరాలో ప్రాజెక్ట్ కీ మార్చితే ఏమవుతుంది?

జిరాలో టికెట్ నంబర్ ముందు పెద్ద అక్షరాలు ఉంటాయి కదా, అదే ప్రాజెక్ట్ కీ. నేను మొదట్లో హడావుడిగా ‘టెస్ట్’ అని పెట్టేశాను. ఏడాది తర్వాత క్లయింట్ "ఇంకా టెస్టింగేనా?" అన్నారు. పరువు పోయిందండీ!

ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి ‘పే’ అని మార్చాను. టెస్ట్-112 కాస్తా పే-112 అయింది. పాత లింక్ నొక్కినా అదే టికెట్ తెరుచుకుంది, హమ్మయ్య అనుకున్నా. కానీ నేనే రాసిన స్క్రిప్ట్ ఒకటి కమిట్ మెసేజ్‌లలో ‘టెస్ట్’ కోసమే వెతికేది. ఆ రాత్రి రిలీజ్ నోట్స్ ఖాళీగా వెళ్లిపోయాయి! జిరా తన లోపలి లింకులే చూసుకుంటుంది, బయట మనం రాసుకున్నవి మనమే మార్చాలి.

తర్వాత మా జూనియర్ "అన్నా, ఖాళీ అయిన ‘టెస్ట్’ నాకివ్వు" అన్నాడు. పాత కీని జిరా కొత్త ప్రాజెక్ట్‌కి ఇవ్వనివ్వదు. పాపం, ‘డెమో’తో సరిపెట్టుకున్నాడు.