పాత బావి – కొత్త పటము

(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగ పాఠము)



"సంఘము – పట్టణాభివృద్ధి" అను విషయము మీద మాట్లాడమని నన్ను కోరినారు. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు, హెబ్రీ నేర్పినారు గాని మాస్టరు ప్లాను చదువుట నేర్పలేదు. ఇప్పుడు చెప్పబోవునది చాలావరకు ఒక తప్పు చేసిన తరువాత నేర్చుకొన్నదే. కనుక ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

కోస్గికి రాకముందు నేనొక చిన్న పట్టణములో పాస్టరుగా ఉన్నాను. అక్కడి మిషను కాంపౌండులో రాతితో కట్టిన దిగుడు బావి ఒకటి ఉండేది. నల్లాలు వచ్చిన తరువాత దానిలో నీళ్ళు తోడేవారు లేరు. పిల్లలు పడతారని పైన కంప వేసినారు. కంప మీద చెత్త పడినది. స్థలము రోడ్డు ప్రక్కనే గనుక బావి పూడ్చి షాపులు కట్టి కిరాయికి ఇద్దామని కమిటీలో తీర్మానము వచ్చినది. దేవాలయపు పైకప్పు కారుచున్నది, చేతిలో డబ్బు లేదు. నేను సంతకము పెట్టినాను. ట్రాక్టర్లతో మొరము తెప్పించినాము. రెండు రోజులలో పని అయిపోయినది.

మూడవ రోజు మన సంఘపు అవ్వ ఒకామె వచ్చి ఆ మొరము ప్రక్కన చాలాసేపు నిలబడినది. నేను దగ్గరకు పోతే ఇట్లా అన్నది: "అయ్యగారూ, ఊరి బాయి కాడ మా కడవ తగిల్తే మైల అనేటోళ్ళు. ఎవలన్న మీదికెల్లి పోస్తేనే మాకు నీళ్ళు. గీ బాయిల మా అమ్మ తన చేతులతోని తోడుకున్నది. పూడ్సేముందు నన్నొక్క మాట అడగకపోతిరి."

నా దగ్గర జవాబు లేదు. సంఘ చరిత్ర గూర్చి ఎన్నో ప్రసంగములు చేసినవాడను, ఆ చరిత్ర మీదనే మొరము పోయించినాను. షాపుల అనుమతి కొరకు పెట్టిన దరఖాస్తులో స్థలమెంత, రోడ్డు వెడల్పెంత, అంతస్తులెన్ని అని ఉన్నది. అంతకు ముందు అక్కడ ఏమున్నదని అడిగే గడి లేదు. అధికారులను నిందించుట లేదు. చెప్పవలసిన మేమే నోరు తెరవలేదు. నాలుగు షాపులు కట్టినాము, రెండింటికి చాలాకాలము కిరాయిదారులే దొరకలేదు.

అప్పటినుండి ఈ సంగతులు వెదకి చదువుచున్నాను. మన నారాయణపేట జిల్లాలోనే, కృష్ణా నది దగ్గర, ముడుమాల్ నిలువురాళ్ళు ఉన్నవి. మీలో కొందరు చూసే ఉంటారు. మూడువేల ఐదువందల ఏండ్లకు పైబడినవని పరిశోధకులు చెప్పుచున్నారు. మనిషికి రెండింతల ఎత్తు రాళ్ళు, వాటి చుట్టూ వరుసలుగా వందలకొలది చిన్న రాళ్ళు. ఒక రాతి మీద సప్తర్షి మండలమును పోలిన గుంటలు చెక్కి ఉన్నవి. 2025 మార్చిలో ఇవి యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో చేరినవి. అయితే ఆ గుర్తింపు రాకముందే, దున్నుటకు అడ్డమని చిన్న రాళ్ళు ఎన్నో పీకివేయబడినవి. రైతును ఏమనగలము? ఆ రాయి ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇక పట్టణముల సంగతి. హైదరాబాదులో ఎర్రమంజిల్ భవనము కథ వినండి. హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ జోనింగు నిబంధనలు 1981లో వచ్చినవి. 1995లో వాటిలో పదమూడవ నిబంధన చేర్చినారు. జాబితాలోనున్న పాత కట్టడమును అనుమతి లేకుండా కూల్చరాదు, మార్చరాదు అని దాని సారము. 2015లో ఆ నిబంధనను తీసివేసినారు. 2017లో రాష్ట్రము వారసత్వ కట్టడములకు వేరుగా చట్టము తెచ్చినది. 2019 జూన్‌లో ఎర్రమంజిల్ కూల్చి క్రొత్త శాసనసభ కట్టుటకు మంత్రివర్గము నిర్ణయించినది, శంకుస్థాపన కూడా జరిగినది. కొందరు పౌరులు హైకోర్టుకు పోయినారు. 2019 సెప్టెంబరు 16న కోర్టు ఆ నిర్ణయమును కొట్టివేసినది. నగర ప్రణాళిక చట్టము ప్రకారము ముందుగా తీసుకోవలసిన అనుమతులు తీసుకోలేదన్నది కోర్టు చూపిన కారణములలో ముఖ్యమైనది. ఆ భవనము అందమైనదని కోర్టు కాపాడలేదు. దాని పేరు ప్రణాళికా పత్రములలో ఉన్నది గనుక కాపాడగలిగినది.

ఇక్కడ నాకొక బాధ ఉన్నది. నవాబుగారి భవనము పేరు పత్రములలోకి ఎక్కినది. అవ్వగారి బావి పేరు ఎవరు ఎక్కిస్తారు? కోటలు, గుళ్ళు, మసీదులు, దేవడీలు, మన మెదకు మహాదేవాలయము, ఇవన్నీ కంటికి కనబడేవి. 1924లో ప్రతిష్ఠించిన మెదకు దేవాలయమును గూర్చి పరదేశులు కూడా వ్రాస్తారు. పేదవాడు మొదటిసారి నిర్భయముగా నీళ్ళు తోడుకొన్న బావికి గోపురము లేదు, శాసనము లేదు. దాని పేరు జాబితాలో వ్రాయించుట దానిని వాడుకొన్నవారి పిల్లల పని, అనగా మన పని.

కోస్గి 2018లో మున్సిపాలిటీ అయినది. నిన్నటిదాకా భూమిని ఎకరాలలో మాట్లాడినవారము నేడు గజాలలో మాట్లాడుచున్నాము. ధర గజాలలోకి వచ్చిన తరువాత పాత గోడ బరువుగా కనబడును. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భూవినియోగ నియంత్రణను మున్సిపాలిటీల పనులలో చేర్చినది. 2020లో వచ్చిన టిఎస్-బిపాస్ చట్టము ఆరువందల గజాల లోపు ఇండ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి, పెద్ద కట్టడములకు 21 రోజుల గడువు పెట్టినది. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగిన ప్రజలకు ఇది మేలే. అయితే అంత వేగముగా అనుమతి వచ్చునప్పుడు, ఫలానా స్థలములో పాత బావి ఉన్నదని ముందే పటములో గుర్తించకపోతే, దరఖాస్తు పెట్టిన తరువాత ఎవరు గుర్తిస్తారు? పటము ముందు, అనుమతి తరువాత. ఈ వరుస తప్పితే ఎన్ని చట్టములున్నా లాభము తక్కువ.

పటము తయారగునప్పుడు ప్రజల మాటకు చోటు ఉన్నది. ముసాయిదా ప్రకటించి అభ్యంతరములు, సలహాలు కోరుట పద్ధతి. కామారెడ్డిలో ఏమైనదో మీకు జ్ఞాపకముండవచ్చును. తమ పొలములు పారిశ్రామిక మండలములో చూపినారని రైతులు కదిలినారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిలే ఆ ముసాయిదాను రద్దు చేయుమని తీర్మానించినది. పొలము కొరకు వారు పటము చదివినారు. మనమో, నోటీసు బోర్డు ముందు నుండే పోయి టీ తాగి వస్తాము.

అట్లని పాతదంతా ఉంచవలెనని నేను అనుట లేదు. చెదలు పట్టిన దూలము క్రింద పిల్లలను పడుకోబెట్టుకొన్న తల్లికి వారసత్వమని బోధ చేయుట నాకు చేతకాదు. ఆమె ఇల్లు ఆమె కట్టుకోవలసినదే. ఎక్కువ ఇండ్లు అట్లాంటివే. ఊరికి రెండో మూడో చోట్లు ఉంటవి: ఒక బురుజు, ఒక బావి, ఒక పాత బడి, ఒక సమాధుల తోట. వాటిని ఉంచుకొన్నంత మాత్రాన రోడ్డు ఆగదు. చెత్తతో పూడిపోయిన హైదరాబాదు బన్సీలాల్‌పేట మెట్ల బావిని నగరపాలక సంస్థ, కొందరు పౌరులు కలిసి శుభ్రము చేయించి 2022 డిసెంబరులో తెరిచినారు. నేను పోయి చూసినాను. మెట్ల మీద పిల్లలు కూర్చొని ఫోటోలు దిగుచున్నారు. నాకు మాత్రము మా మొరము కుప్పే కండ్ల ముందు ఆడినది.

సమాధుల తోట అన్నాను గనుక అది చెప్పి ముగిస్తాను. మన తాతముత్తాతలను పెట్టిన నేల చాలా ఊళ్ళలో కాగితము మీద లేదు. గట్టు లేదు, గోడ లేదు. పటములో దానిని నివాస మండలముగా చూపించితే రేపు అక్కడ ప్లాట్ల రాళ్ళు పాతుతారు. అప్పుడు ఏడ్చి ధర్నాకు కూర్చొనుటకంటె ఇప్పుడు కొలతలు తీసి, సర్వే నంబరు వ్రాసి, పెద్దల సంతకములతో మున్సిపాలిటీకి ఇచ్చి రసీదు తీసుకొనుట సులభము. కాంపౌండులోని పాత బడిగదిని, మిగిలిన బావులను కూడా అదే కాగితములో వ్రాయాలి. ఏ చోటు ఎవరికి ఏమిటో వృద్ధులు చెప్పుచుండగా ఎవరైనా వ్రాసుకోవాలి. ఈసారి వారిని ముందు అడుగుదాము.

వచ్చే ఆదివారము ఆరాధన తరువాత మా కోస్గి యువజనులలో నలుగురు ఉండిపోవలెనని కోరుచున్నాను. కొలిచే టేపు నేను తెస్తాను. ఎండకు టోపీలు మీరే తెచ్చుకోండి.